టిక్కుటిక్కుమనే అల్లుడు

ఆ ఇంట్లో ఒక ఇల్లరికపు అల్లుడు ఉన్నాడు. ఆరు సిలిండర్లు, నాలుగు చక్రాలు, ముందువైపు నాలుగు గుండ్రటి కళ్ళు, వాటి మధ్య జంట కిటికీల్లాంటి ముక్కు. ముప్పై ఆరేళ్ళ బీఎండబ్ల్యూ కారు. అల్లుడని పేరు పెట్టింది నానమ్మ. "తినడానికి పెట్రోలు కావాలి, తాగడానికి నూనె కావాలి, పడుకోవడానికి నీడ కావాలి. పని మాత్రం చెప్పకూడదు. తలుపు కాస్త గట్టిగా వేస్తే అలుగుతాడు. ఇల్లరికపు అల్లుడు కాకపోతే ఇంకేంటి?" అనేది ఆవిడ. తాత దీనికి ఎప్పుడూ జవాబు చెప్పలేదు. మొదట్లో చెప్పబుద్ధి కాక, తర్వాత్తర్వాత వినపడక.

తాత ముప్పై మూడేళ్ళు ఊరికి నీళ్ళు తోడే పంపుహౌసులో ఆపరేటరు. ఎనిమిది మోటార్లు ఒకే కప్పు కింద హోరెత్తేవి. ఆ హోరులో ఏ మోటారుకి ఏ బేరింగు నలుగుతోందో తాతకి తెలిసిపోయేది. ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొనని మోటారు మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కాసేపయ్యాక, "మూడో నంబరు, ఇంకో పది రోజులు" అనేవాడు. పదకొండో రోజున మూడో నంబరు పొగ కక్కేది. పెద్ద చదువుల ఇంజనీర్లు తెచ్చుకున్న మీటర్లు పక్కన పెట్టి, "తర్వాత ఏదండీ?" అని తాతనే అడిగేవాళ్ళు. ఆ చెవులకి అంత పేరు తెచ్చింది ఆ పంపుహౌసే. వాటిని కొద్దికొద్దిగా కొరుక్కు తినేసిందీ అదే.

కారు దొరికింది పంపుహౌసు వెనక మేడలో. దాని యజమాని పోయాక ఏడేళ్ళు రేకుల కింద పడుంది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. "తీసుకుపోతే కాస్త చోటు కలిసొస్తుంది" అంది ఆ ఇంటావిడ. తాత దాన్ని లారీకి కట్టించి లాక్కొచ్చాడు. నానమ్మ గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, "దీన్నేం చేసుకుంటారు?" అని అడిగింది.

"వింటాను" అన్నాడు తాత.

వినడానికి ముందు చేసింది తక్కువేం కాదు. తుప్పు గీకి, కొత్త రేకు అతికి, బూడిద రంగు వేయించాడు. స్ప్రింగులు మార్చి బండిని రెండు వేళ్ళ ఎత్తు కిందికి దించాడు. దానివల్ల వీధి మలుపులో గతుకు వచ్చినప్పుడల్లా తాత తన పొట్టని కూడా లోపలికి లాక్కునేవాడు, బండికి తగలకుండా ఉంటుందని. సీట్లకి తోలు తొడుగులు నానమ్మ కుట్టుమిషను మీదే కుట్టాడు. మూడు సూదులు విరిగాయి, నాలుగు రోజులు మాటలు లేవు. పంపుహౌసులో పారేసిన ఇత్తడి కుళాయి పిడిని లేత్ మీద తిప్పించి గేరు రాడ్డుకి తొడిగాడు. అరచేతికి అది చల్లగా తగిలినప్పుడు ఆయన మొహంలో కనపడే తృప్తి, సొంత కొడుకు పుట్టినప్పుడు కూడా కనపడలేదని నానమ్మ చెబుతుంది. కొడుకు ముందే చెబుతుంది.

అన్నిటికంటే ఇష్టమైన పని వాల్వులు సరిచెయ్యడం. ఆ ఇంజనులో పన్నెండు వాల్వులున్నాయి. ప్రతి వాల్వుకీ, దాన్ని నొక్కే చెయ్యికీ మధ్య ఇంత సందు ఉండాలి: పావు మిల్లీమీటరు, పోస్టుకార్డు మందం. ఇంజను వేడెక్కితే వాల్వు పెరుగుతుంది, ఆ పెరుగుదలకి చోటు కావాలి. చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట సందులోంచి దూరి అంచుని కాల్చేస్తుంది. ఆ సందు పెంచడానికీ తగ్గించడానికీ ఆ చెయ్యి కొనలో చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పడానికి తాత సైకిలు చక్రం పుల్లని వంచి పెట్టుకున్నాడు. పద్ధెనిమిదేళ్ళుగా అదే పుల్ల. సందు సరిగ్గా ఉంటే ఇంజను టిక్కుటిక్కుమంటుంది. కొత్తవాళ్ళు ఆ చప్పుడుకి కంగారు పడితే తాత ఒకటే మాట చెప్పేవాడు: "టిక్కుమనే వాల్వు బతికున్నట్టు. నోరు మూసుకుందంటే కాలిపోతున్నట్టు."

ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆ వాల్వులు కూర్చునే అల్యూమినియం దిమ్మని హెడ్డు అంటారు. అది రెండుసార్లు వేడికి వంకరపోయింది. రెండుసార్లూ లేత్ మేస్త్రి దాని అడుగు గీకి చదును చేశాడు. రెండోసారి ఇస్తూ, "పెద్దాయనా, కొబ్బరిచిప్పలో ఇంక గీకడానికి కొబ్బరి లేదు. మళ్ళీ తెస్తే దణ్ణం పెట్టి వెనక్కి పంపిస్తాను" అన్నాడు. తాత ఇంకో హెడ్డు కోసం పదేళ్ళు పాత ఇనుప సామాను కొట్లన్నీ తిరిగాడు. ఒక్కటే దొరికింది, దానికీ పగులు. అంటే హెడ్డు పోతే అల్లుడు పోయినట్టే. ఇది ఆ ఇంటి పిల్లికి కూడా తెలుసు.

ఆదివారం పొద్దున్నే, మూతపడిన లారీల కాటా వెనక ఖాళీ జాగాలో పాత బండ్ల వాళ్ళు కలుసుకుంటారు. ఐదు బండ్లు, ఐదుగురు మనుషులు, ఒక ఫ్లాస్కు టీ. అందులో పళ్ళ డాక్టరు తాతకి బాగా దగ్గర. ఆయనదీ ఇలాంటి బండే, తెల్లది. స్క్రూడ్రైవరు పట్టుకుని తాత ఒక్కో బండినీ వినేవాడు. "నీ నీళ్ళ పంపు మూలుగుతోంది." "నీ బెల్టు ఏడుస్తోంది." "డాక్టరూ, నాలుగో వాల్వు వదులైంది. నోట్లో పన్ను కదిలితే పీకుతావు కదా, ఇది కదిలితే వినపడదా?" పద్ధెనిమిదేళ్ళలో ఒక్క బండినీ ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. అందుకే అందరూ వచ్చేవాళ్ళు.

చెవులు ఎప్పుడు పూర్తిగా పోయాయో తాత గమనించలేదు. ఎముక మీదుగా ఇంజను వినపడుతూనే ఉంది కాబట్టి మిగతావి వినపడకపోయినా లోటనిపించలేదు. ఇంట్లోవాళ్ళకే గొంతులు పోయాయి. నానమ్మ అరిచి అరిచి కూరగాయలమ్మే మనిషిలా తయారైంది. లెక్కల్లో రెండుసార్లు తప్పి, చదువుకి దణ్ణం పెట్టి, కళ్ళజోళ్ళ షాపులో పనికి కుదిరిన మనవరాలు ఒకతి ఉంది. "దీనికి లెక్కలు రావు గానీ లెక్కలేనితనం బాగా వచ్చు" అంటాడు తాత. ఆ షాపులోనే పక్క బల్ల మీద చెవి మిషన్లు అమ్ముతారు. ఒకరోజు ఆ పిల్ల తాతని, కళ్ళజోడు సరిచేయిద్దాం రమ్మని అబద్ధమాడి తీసుకెళ్ళి, గాజు గదిలో కూర్చోబెట్టి, రెండు చెవుల్లోనూ శనగగింజంత మిషన్లు పెట్టించింది.

"ఎలా ఉంది తాతా?"

"అరవకే" అన్నాడు తాత. ఆ పిల్ల అరవలేదు.

ఇంటికొచ్చేసరికి లోకమంతా చప్పుళ్ళే. నానమ్మ చెప్పులు, కుళాయి చుక్కలు, తన పళ్ళ సెట్టు తను నమిలే చప్పుడు. "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నారు" అంది నానమ్మ పక్కకి తిరిగి, మెల్లగా. "ఎవరికే కొమ్ములు?" అన్నాడు తాత అవతలి గదిలోంచి. నానమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఆవిడ గొణిగిందంతా ఖర్చు లేకుండా గొణిగింది. ఇకమీదట దానికి లెక్క ఉంటుంది.

రెండు రోజులు నవ్వులాటే. మూడో రోజు పొద్దున తాత రోజూలాగే షెడ్డులో బండి స్టార్టు చేసి రేసు చేశాడు. గేటు దగ్గర పక్కింటావిడ గొంతు వినిపించింది.

"మీరు చెప్పరా ఆయనకి? రోజూ పొద్దున్నే ఇదేం గోలండీ?"

"ఏమనుకోకండి వదినగారూ, పెద్దాయన, ఇంకెంతకాలంలెండి" అంటోంది నానమ్మ.

లోపలికి రాగానే తాత అడిగాడు: "పక్కింటావిడ ఏమంటోంది?"

నానమ్మ అలవాటు ప్రకారం గట్టిగా, "మీ బండి బాగుందంటోంది!" అని అరిచింది. అన్నాక మిషను గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. ఎన్నో ఏళ్ళుగా పక్కింటావిడ బండిని రోజూ మెచ్చుకుంటోందనే తాత అనుకుంటున్నాడు. ఆవిడ గేటు దగ్గర నిలబడితే ఇంకోసారి రేసు కూడా చేసేవాడు, సంతోషపడుతుందని.

ఆ ఆదివారం మిషన్ల సంగతి ఎవరికీ చెప్పకుండా, చెవుల మీదికి టోపీ లాక్కుని వెళ్ళాడు. ఒక్కొక్కరినీ ఆటపట్టించాలని ఆశ. తాత బోనెట్ మీదికి వంగి ఉండగా, కొత్తగా చేరిన కేకుల షాపాయన వెనక నుంచి అడిగాడు: "పెద్దాయన బండి వెనక గిన్నెలు దొర్లినట్టు ఏంటండీ ఆ చప్పుడు?"

"సైలెన్సర్ పట్టీ వదులైంది, రెండేళ్ళయింది" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఆయనకి వినపడదులే. బాగుందని చెప్పెయ్. మేమందరం అదే చెబుతున్నాం. ఈ వయసులో ఆయన్ని కష్టపెట్టడం దేనికి?"

తాత తల పైకెత్తాడు. "ఎలా ఉంది నా బండి?" అని అడిగాడు.

"సూపర్‌గా ఉంది గురువుగారూ!" అని బొటనవేలు చూపించాడు డాక్టరు.

తాత ఎవరినీ ఆటపట్టించలేదు. టీ తాగకుండా ఇంటికొచ్చేశాడు. సైలెన్సర్ పట్టీ పది నిమిషాల్లో బిగించాడు. ఆ తర్వాత బోనెట్ ఎత్తి, ఇంజను నడుస్తుండగా, స్క్రూడ్రైవరు లేకుండా, మిషన్లు పెట్టుకున్న చెవులతో మొదటిసారి నిలబడి విన్నాడు.

రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నట్టుంది.

ఎన్నాళ్ళనుంచి ఇలా ఉంది? ఎముక మీద వినే టిక్కుటిక్కు వేరు. అది గోడకి అవతల ఎవరో వేలితో తట్టినట్టుండేది. ఇది కొట్టుకుంటోంది. ఇంజను ఆపి నానమ్మని పిలిచాడు.

"ఈ చప్పుడు ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ అంతేగా."

"నిజం చెప్పు."

"ఇందులో నిజమేంటి, అబద్ధమేంటి? బండి వచ్చిన రోజు నుంచీ టకటకలాడుతూనే ఉంది."

"పక్కింటావిడ మెచ్చుకున్నట్టేనా?"

తాత డాక్టరుకి ఫోను చేశాడు. డాక్టరు కూడా, "ఎప్పుడూ ఉండేదే గురువుగారూ, మీరే చెప్పారు కదా టిక్కుమనాలని" అన్నాడు. పొద్దున సూపర్‌గా ఉందన్న గొంతూ ఇదే. తాత ఫోను పెట్టేశాడు. మనవరాలు షాపు నుంచి రాగానే ఆమెనీ అడిగాడు. "నాకు బండి చప్పుళ్ళు ఏం తెలుసు తాతా, బాగానే ఉంది" అంది ఆ పిల్ల ఫోనులోంచి తల ఎత్తకుండా. ఒక్క నిమిషం తల ఎత్తి ఉంటే బాగుండేది.

మర్నాడు తాత ఇంజను పై మూత విప్పాడు. సన్నటి ఉక్కు రేకుల కట్ట ఉంటుంది, సందులు కొలవడానికి. పావు మిల్లీమీటరు రేకు తీసి ఒక్కో సందులో దూర్చాడు. పన్నెండింట్లోనూ సరిగ్గా దూరింది, కొంచెం పట్టుగా, వెన్నలో కత్తిలా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూత పెట్టేసి చేతులు కడుక్కోవాల్సింది. కానీ చెవిలో వడగళ్ళు ఆగలేదు. ఈ రేకు కూడా తన మీద జాలిపడుతోందా?

ఏమీ తెలియనివాడైతే రేకుని నమ్మేవాడు. తాతకి చాలా తెలుసు, అదే వచ్చిన చిక్కు. వాల్వుని నొక్కే చెయ్యి ఏళ్ళ తరబడి ఒకేచోట తగిలి గుంట పడుతుంది, చదునైన రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడి అబద్ధం చెబుతుంది. నిజం సందు ఇంకా ఎక్కువ ఉంటుంది. పంపుహౌసులో మీటర్లు ఇలాగే అబద్ధం చెప్పేవి, చెవి నిజం చెప్పేది. కాబట్టి చెవితోనే చెయ్యాలి. స్క్రూడ్రైవరు మేకుకి వేలాడుతోంది. దాని వైపు చూశాడు గానీ తీయలేదు. ఎముక మీద వినడం చెవిటివాడి విద్య. తనకిప్పుడు చెవులొచ్చాయి.

సైకిలు పుల్లతో ఒక్కో చక్రాన్నీ సందు తగ్గేలా కొంచెం తిప్పాడు. మూత బిగించి, స్టార్టు చేసి విన్నాడు. ఇంకా ఉంది. చల్లారనిచ్చి మళ్ళీ విప్పి ఇంకొంచెం తిప్పాడు. నాలుగు రోజులు అదే పని. అన్నం ప్లేటు షెడ్డులోకే వెళ్ళేది, సగం తిని తిరిగొచ్చేది. నాలుగో రోజు సాయంత్రానికి ఇంజను పట్టుచీర జారినట్టు నడిచింది. తాత తలుపు దగ్గరికొచ్చి, "ఏమే, ఇప్పుడు విను" అన్నాడు.

"ఆపేశారా?" అంది నానమ్మ.

"నడుస్తోంది!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు తాత. నానమ్మ కూడా నవ్వింది. ఆయన నవ్వి చాలా రోజులైంది మరి.

తర్వాతి ఆదివారం కాటా దగ్గర బండి ఆగితే అందరూ చుట్టూ మూగారు. "కరెంటు బండిలా ఉందే!" అన్నాడు కేకుల షాపాయన. పళ్ళ డాక్టరు బోనెట్ మీద చెయ్యి వేసి, తల వంచి విన్నాడు. ఆయన మొహం ఎక్స్‌రేలో ఏదో కనపడ్డవాడిలా అయింది.

"గురువుగారూ, టిక్కు ఏది?"

"తీసేశాను. వినపడదని చెప్పి ఇన్నేళ్ళూ దాచారు కదా. ఇప్పుడు చెవులొచ్చాయి" అని తాత టోపీ తీసి మిషన్లు చూపించాడు.

డాక్టరు మొహం మాడింది. ఏ మాట విని ఉంటాడో అర్థమైంది. "పట్టీ సంగతి దాచాను, నాదే తప్పు. కాళ్ళు పట్టుకుంటాను. ఇది వేరు. మళ్ళీ వదులు చెయ్యండి, ఇవాళే. నోరు మూసుకున్న వాల్వు కాలిపోతుందని నేర్పింది మీరే."

"పోయినవారం బాగుందన్నావు, ఈ వారం బాగాలేదంటున్నావు. ఏ మాట నమ్మమంటావు?"

"ఈ మాట నమ్మండి."

"పళ్ళు పీక్కునేవాడివి, పళ్ళ సంగతి చూసుకో" అన్నాడు తాత.

డాక్టరు ఆ సాయంత్రం ఇంటికి కూడా వచ్చాడు. తాత షెడ్డు తలుపు తియ్యలేదు. లోపల కూర్చుని చెవి మిషన్లు తీసి జేబులో వేసుకున్నాడు. తలుపు అవతల డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. చెవిటితనంలో ఉన్న సుఖం తాతకి ఆ రోజే తెలిసింది.

మూడు వారాలు బండి పట్టులా నడిచింది. కొంచెం బలం తగ్గినట్టు కాలికి తెలుస్తూనే ఉంది. పెట్రోలు బాగాలేదేమో అనుకున్నాడు. నాలుగో వారం నానమ్మ చెల్లెలికి మోకాలు ఆపరేషనైంది. ఆవిడ ఇల్లు కొండ మీద కాలనీలో. నానమ్మ బస్సులో వెళ్తానంది. పద్ధెనిమిదేళ్ళలో ఆవిడ ఆ బండి ఎక్కింది మూడుసార్లు.

"ఇప్పుడు చప్పుడే లేదే. కూర్చుని నిద్రపోవచ్చు" అన్నాడు తాత.

"అల్లుడు మర్యాద నేర్చుకున్నాడన్నమాట" అని నానమ్మ మంచి చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

మిట్టమధ్యాహ్నం ఎండ. ఏడు మలుపుల ఎక్కుడు. మూడో మలుపులో బండి బరువెక్కింది. తాత గేరు దించాడు. ఐదో మలుపులో ఇంకో గేరు దించాడు. నానమ్మ నిజంగానే కునుకు తీస్తోంది. ఆరో మలుపు దాటాక ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బండి కుంటడం మొదలుపెట్టింది. కాలిన ఇనుము వాసన వచ్చింది. తాత పక్కకి తీసి ఆపాడు గానీ ఇంజను ఆపలేదు. అది ఊగుతోంది, వెనక సైలెన్సర్ లోంచి పుఫ్, పుఫ్, పుఫ్ అని గాలి ఊదుతోంది.

మిషన్లు రెండూ తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. సీటు కింద ఎప్పుడూ ఉండే ఇంకో స్క్రూడ్రైవరు తీసుకుని దిగి, బోనెట్ ఎత్తి, మొనని ఇంజను మీద పెట్టి, పిడిని ఎముకకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఎముక అబద్ధం చెప్పలేదు. మూడు చోట్ల, పాము బుస కొట్టినట్టు, మూసుకోని వాల్వుల్లోంచి గాలి పోతోంది.

నానమ్మ లేచింది. ఆయన పెదాలు కదలడం చూసి, కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏమైందండీ?" అని అరిచింది.

తాత స్క్రూడ్రైవరు దించలేదు. "నేనే" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు.

లేత్ మేస్త్రి హెడ్డుని బల్ల మీద బోర్లా పెట్టి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, లైటు దగ్గరగా లాగాడు. మూడు వాల్వుల అంచులు ఎలకలు కొరికిన రొట్టెల్లా ఉన్నాయి. వాల్వులైతే దొరుకుతాయి. అవి కూర్చునే చోటు కూడా కాలింది. రెండు గుంతల మధ్య, వెంట్రుకంత సన్నగా, పగులు. మేస్త్రి దాని మీద గోరు పెట్టి మెల్లగా గీశాడు. గోరు ఆగింది.

"అతుకు వేస్తే?" అన్నాడు తాత.

"అతుకు వేడికి మళ్ళీ వంకర పోతుంది. గీకాలి. గీకడానికి ఏముంది పెద్దాయనా?" ఆయన ఇంకేదో అనబోయి పళ్ళ డాక్టరు వైపు చూశాడు. హెడ్డుని తన తెల్ల బండిలో తీసుకొచ్చింది డాక్టరే. దారి పొడుగునా ఒక్క మాట అనలేదు. నేను చెప్పానా అని కూడా అనలేదు. అంటే బాగుండేదని తాతకి అనిపించింది.

మేస్త్రి అన్న మాట ప్రకారం దణ్ణం పెట్టలేదు. హెడ్డుని పాత గోనెసంచిలో చుట్టి, పసిపిల్లని అందించినట్టు తాత చేతుల్లో పెట్టాడు.

కళ్ళజోళ్ళ షాపులో మనవరాలు మూడు రోజులు తప్పు పవర్లు రాసింది. నాలుగో రోజు షెడ్డులోకి వెళ్ళి తాత పక్క సీట్లో కూర్చుంది. బోనెట్ ఎత్తి ఉంది. ఇంజను ఉండాల్సిన చోట సగం ఖాళీ.

"నా వల్లే తాతా."

"నీ మిషను తప్పేం లేదే. అది ఉన్నది ఉన్నట్టు వినిపించింది." తాత ఇత్తడి గేరు పిడి మీద చెయ్యి వేసి అటూ ఇటూ కదిపాడు. "ఉన్నదాన్ని చూసి భయపడ్డాను."

"నన్ను తిట్టచ్చు కదా."

"లెక్కలు రానిదాన్ని తిట్టి ఏం లాభం?"

ఆ పిల్ల నవ్వుదామని చూసింది. కుదరలేదు.

ఆ తర్వాత తాత ఆదివారాలు కాటా దగ్గరికి వెళ్ళడం మానేశాడు. పొద్దున్నే లేచి అలవాటు ప్రకారం షెడ్డు తలుపు తీస్తాడు, బండిలో కూర్చుంటాడు, మూసేస్తాడు. పక్కింటావిడ గేటు దగ్గరికొచ్చి, "ఏంటండీ, ఈమధ్య చప్పుడే లేదు? పెద్దాయనకి ఒంట్లో బాగుందా?" అని అడిగింది. తాత చెవి మిషన్లు పెట్టుకునే ఉన్నాడు, విన్నాడు.

ఒక ఆదివారం పళ్ళ డాక్టరు తెల్ల బండి వేసుకుని వచ్చాడు. మనవరాలు గేటు తీయడానికి వెళ్తే, కిటికీ దించి గుసగుసగా చెప్పాడు: "ఐదో సిలిండరు వాల్వు ఒకటి కావాలనే వదులు చేసుకొచ్చాను. చిన్నపిల్లలకి కూడా దొరుకుతుంది. పట్టుకుని నన్ను తిట్టనీ. ఆయన ఎవరినో ఒకరిని తిడితే గానీ ఆ సీట్లోంచి లేవడు."

"గురువుగారూ, నా బండి ఏదోలా ఉంది. కాస్త విని పెట్టండి" అన్నాడు డాక్టరు షెడ్డు ముందుకొచ్చి.

తాత లేచి, మేకుకున్న స్క్రూడ్రైవరు తీసుకుని వచ్చాడు. ముందు చెవులతో విన్నాడు. తర్వాత మిషన్లు తీసి, మొన ఇంజను మీద, పిడి ఎముక మీద పెట్టి విన్నాడు. ఒకటో సిలిండరు, రెండోది, మూడోది. ఐదో దాని దగ్గర మొన ఆగింది. టక్, టక్, టక్. డాక్టరు తిట్లకి సిద్ధంగా తల వంచుకుని నిలబడ్డాడు.

చెవీ ఆ చప్పుడే చెప్పింది, ఎముకా ఆ చప్పుడే చెప్పింది. కానీ పోయినసారి కూడా చప్పుడు వినపడబట్టే చెయ్యి పెట్టాడు. అప్పుడు అది బతికున్న చప్పుడు. ఇది జబ్బు చప్పుడా? లేక ఇదీ బతికున్న చప్పుడేనా? ముప్పై మూడేళ్ళు, ఆపైన పద్ధెనిమిదేళ్ళు తెలిసిన సంగతి, ఆ క్షణాన తేలలేదు. తాత స్క్రూడ్రైవరు దించి, మొనని చొక్కా అంచుతో తుడిచాడు.

"బాగుంది" అన్నాడు.

డాక్టరు తల ఎత్తాడు. పద్ధెనిమిదేళ్ళలో ఆ నోట ఆ మాట వినడం ఇదే మొదలు. "ఐదోది... ఇంకొక్కసారి వింటారా?"

"బాగుంది డాక్టరూ. దేన్నీ ముట్టుకోకు."

డాక్టరు బండి ఎక్కి వెళ్ళిపోయాడు. వీధి చివరిదాకా టక్ టక్ టక్‌మని వినపడుతూనే ఉంది. నానమ్మ వంటింటి కిటికీలోంచి, "ఆ పళ్ళాయన బండికేమైంది, అలా కొట్టుకుంటోంది? ఆయన చూడలేదా?" అని అడిగింది.

తాత అప్పటికే మిషన్లు మళ్ళీ చెవుల్లో పెట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు మేకుకి తగిలించి, షెడ్డు తలుపు దగ్గరికి వేశాడు.